తొంభై ఆరో పేజీ

ఇల్లు, మిషను గది
జూన్ 12

మా ‘ఏమంది’ టీచరమ్మకి,

నాన్న రాసేది. నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు నేను చదువుకున్నాను, ఐదోసారి మీ అమ్మకి చదివి వినిపించాను, ఆరోసారి కింద టైర్ల కొట్టు ఆయనకి వినిపించాను. పంక్చరు వేస్తూ విన్నాడు, అయినా విన్నాడు. మా అమ్మాయికి బడిలో చదువుగది ఒప్పజెప్పారు, తాళంచెవి కూడా దాని దగ్గరే ఉంటుంది అన్నాను. ఎంత గది అని అడిగాడు. నాకేం తెలుసు, మన ఇంటికి మూడింతలు అనేశాను. తప్పయితే నువ్వు సర్దుకో.

ఫోనులో చెప్పకుండా ఈ రాతకోతలేమిటని అనుకోకు. ఫోనులో అయితే మీ అమ్మ పక్కనే నిలబడి నా మాటలకి కత్తెర వేస్తుంది. కాగితం మీద నన్ను ఆపేవాళ్ళు లేరు.

అలమారల్లో దుమ్ము తప్ప ఏమీ లేదు, ఇచ్చిన డబ్బు ఒక అరకి కూడా చాలదు, పుస్తకాలు చవగ్గా ఎక్కడ దొరుకుతాయి నాన్నా అని అడిగావు చూడు. నన్ను అడిగావు. అంత చదివినదానివి, ఐదో క్లాసుతో ఆగిపోయి ముప్పై ఎనిమిదేళ్ళు బస్సు సీట్లు కుట్టినవాణ్ణి అడిగావు. ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి పెట్టుకున్నాను.

ఇక విను. కాలేజీ పరీక్షలు అయిపోయిన వారం హాస్టళ్ళ వెనక్కి వెళ్ళు. పిల్లలు పెట్టెలు సర్దుకునేటప్పుడు ముందు వదిలించుకునేవి పుస్తకాలే, వాచ్‌మన్ దగ్గర కట్టలు కట్టలు పడి ఉంటాయి. నెలాఖరున ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ లారీ దగ్గర నిలబడు. మంచం ఎక్కాక పుస్తకాల అట్టపెట్టెకి చోటుండదు, ఎప్పుడూ ఉండదు. ఫుట్‌పాత్ మీద అయితే కింది వరసలో వెతుకు. కావలసిన పుస్తకాన్ని ముందు ముట్టుకోకు. పనికిరానివి రెండు తిరగేసి, మూడోసారి దాన్ని విసుగ్గా తియ్యి. నీకు సంతోషం మొహంలో దాగదు, నా పోలిక, అందుకని తల వంచుకుని బేరమాడు. కొన్నాక పేజీలు లెక్కపెట్టు. లెక్క అయిన పుస్తకానికి చివరి పేజీ కింది మూలన దబ్బనంతో మూడు చిల్లులు పొడు, నేను చేసినట్టే. లేకపోతే లెక్కపెట్టిందే మళ్ళీ లెక్కపెడుతూ కూర్చుంటావు.

సగం పుస్తకాలని మాత్రం చిన్నచూపు చూడకు. వాటిని ఎవరూ అడగరు, ఎంతకిచ్చినా ఇస్తారు. రెండో సగం ఎప్పుడో ఇంకోచోట తగులుతుంది. మైనం పట్టించిన దారంతో రెండూ కలిపి కుడితే బస్సు సీటులా పడి ఉంటుంది. నీకు ఆరేళ్ళప్పుడు తెచ్చిన గడియారాలాయన పుస్తకం, ఆ గడియారాలు బాగుచేసే ఆయన కథ, గుర్తుందిగా. తొంభై ఏడో పేజీ నుంచే ఉండేది. కూడబలుక్కుని చదివావు, మొదటి వాక్యమే ‘అని ఆమె తలుపు వేసుకుంది.’ ఏమంది నాన్నా, ఏమంది అని నన్ను తిననిచ్చావు కావు, కుట్టనిచ్చావు కావు. లేని ఆ తొంభై ఆరు పేజీలూ నేనే కల్పించి చెప్పాను, ఒక వేసవంతా, సీట్లు కుడుతూ. చివరికి ఆవిడ ఏమందంటే, “మీ చెప్పులు తడిశాయి, ఆరాక రండి” అందని చెప్పాను. నువ్వు ఎంత నవ్వావు. అప్పటినుంచేగా నీ పేరు ‘ఏమంది’ అయింది. ఆ రెండో సగం ఇప్పటికీ నా దగ్గరే భద్రంగా ఉంది.

ఆనందం పట్టలేక అక్షరాలు వంకర పోతున్నాయి. ఉంటాను.

నీ సీట్ల నాన్న

●

బడి, చదువుగది
జూలై 3

నాన్నకి,

గది మన ఇంటికి మూడింతలు లేదు, ఒకటిన్నర ఉంటుంది. టైర్ల కొట్టు ఆయనకి చెప్పకు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఈ ఊళ్ళో హాస్టళ్ళు లేవు. నెలాఖరున లారీ దగ్గర నిలబడితే సామాను మొయ్యడానికి వచ్చానేమో అనుకుని నా చేతికి బకెట్టు ఇచ్చారు. ఫుట్‌పాత్ మీద పరీక్షల గైడ్లు తప్ప ఏమీ లేవు. ఇక లాభం లేదనుకుంటుంటే బడి ఆయా చెప్పింది, లారీలు తూచే చోటికి వెనక పాత కాగితాల షెడ్డు ఒకటుందని.

నాన్నా, నువ్వు చూడాలి. రేకుల కింద మనిషెత్తు కాగితం గుట్టలు. మధ్యలో పెద్ద కాటా, దాని పక్కన స్టూలు మీద ఒక పెద్దాయన. అందరూ కాటా తాత అంటారు. పుస్తకాలు కిలోల్లెక్కన ఇస్తాడు. కానీ ఊరికే తూచి పడేసే రకం కాదు. ఒక్కోటీ చేతిలోకి తీసుకుని, ఇది ఒక నర్సమ్మది, ప్రతి పేజీలోనూ మందు చీటీ పెట్టుకుంది, ఇది చదవకుండానే అమ్మేశారు, పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి అంటూ చెప్తాడు. చెమ్మ తగిలిన పుస్తకాన్ని ఎండలో కాకుండా నీడలో, నిలబెట్టి ఆరబెట్టాలట. ఎండలో పెడితే వీపు విరుగుతుందట. ఇన్నేళ్ళూ మనం ఎండలోనే పెట్టాం.

సగం పుస్తకాలైతే అసలు తూచడు, కొసరు కింద పడేస్తాడు. మొన్న పన్నెండు కిలోలు తెచ్చాను, కొసరుతో కలిపి రెండు అరలు నిండాయి. వచ్చే శనివారం మళ్ళీ రమ్మన్నాడు, నాకోసం కథల పుస్తకాలు పక్కన పెడతానన్నాడు. నా అదృష్టం బాగుంది నాన్నా.

నీ అమ్మాయి

●

ఇల్లు, మిషను గది
జూలై 10

ఏమంది తల్లికి,

రెండు అరలు నిండాయంటే నా కడుపు నిండిపోయింది. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. నిజంగానే సంతోషంగా ఉంది. మీ అమ్మేమో నా మొహం చూసి ఏమిటలా మాడిపోయింది, అమ్మాయి బాగానే ఉందా అని అడిగింది. ఆవిడకి కళ్ళజోడు మార్పించాలి.

ఆ కాటా ఆయన మంచివాడల్లే ఉన్నాడు. నా అంత వయసుంటుందా? జుట్టు ఉందా? ఊరికే అడుగుతున్నాను. ఎంతవరకు చదివాడో నువ్వుగా అడగొద్దు, బాగుండదు. ఆయనే చెప్తే రాయి.

నీడలో ఆరబెట్టమన్నాడా? కాగితాల గుట్టల మధ్య కూర్చునేవాడికి ఏమైనా చెప్పడానికి తీరికుంటుంది. మనం ఎండలో పెట్టిన పుస్తకాలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఒకటి రెండింటికి వీపు విరిగింది, అది వేరే సంగతి, నేను మళ్ళీ కుట్టాను. ఆయనకి కుట్టడం వచ్చా? పేజీలు లెక్కపెట్టి ఇస్తాడా? తూకానికి అమ్మేవాడు పేజీలెందుకు లెక్కపెడతాడులే. పన్నెండు కిలోలంటున్నావు, అట్టలు బరువైనవి అంటగట్టాడేమో చూసుకో. మొహమాటపడకు.

నిన్న నేను కూడా బజారుకి వెళ్ళాను. ఎండలో నాలుగు గంటలు తిరిగి నీ కోసం ఐదు పుస్తకాలు తెచ్చాను. రెండు పిల్లలవి, ఒకటి వంటలది, ఒకటి ఏదో యంత్రం గురించి, ఒకటి ఏ భాషో తెలియలేదు కానీ అట్ట బలే ఉంది. పార్సిలు చేస్తున్నాను. వాటిని ముందు వరసలో పెట్టు. ఎవరైనా అడిగితే మా నాన్న పంపాడని చెప్పు. ఎవరైనా అంటే కాటా ఆయనైనా సరే.

శనివారం వెళ్తావా? వెళ్ళు వెళ్ళు. నాకేం.

నీ నాన్న

●

బడి, చదువుగది
ఆగస్టు 2

నాన్నకి,

పార్సిలు అందింది. ముందు వరసలోనే పెట్టాను. ఆ ఏ భాషో తెలియని పుస్తకం చుట్టూ పిల్లలు మూగి, అక్షరాలకి వాళ్ళే పేర్లు పెట్టుకుంటున్నారు.

కాటా తాతకి జుట్టు లేదు. నీకంటే రెండేళ్ళు పెద్ద. మా నాన్న అడుగుతున్నాడంటే, అడగనీలే అని ఆయనే చెప్పాడు, పదో క్లాసు దాకా చదివాడట. కుట్టడం రాదట, ఆ మాట చెప్పేటప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. బరువైన అట్టలు ఆయనే చింపి పక్కనపెట్టి తూచాడు, నువ్వు ఆయన మీద అలా అనకు.

అసలు విషయం ఇది. మొన్న శనివారం ఆయనతో నీ గురించి చెప్పాను. సగం పుస్తకాలు కలిపి కుడతావనీ, మన గడియారాలాయన కథనీ, తొంభై ఏడో పేజీనీ చెప్పాను. ఆయన లేచి, నిచ్చెన వేసుకుని పైఅరలోంచి ఒక కట్ట దించాడు. అందులో సగం పుస్తకాలే ఉన్నాయి. ఎవరైనా రెండో సగం పట్టుకొస్తారని ఏళ్ళ తరబడి దాచాడట. కట్టలో నాలుగోది తీసి నా చేతిలో పెట్టాడు.

ఒకటో పేజీ నుంచి తొంభై ఆరు దాకా, నాన్నా. గడియారాలాయనే.

ఇంకా చదవలేదు. టేబులు మీద పెట్టుకుని చూస్తున్నాను. నీ దగ్గరున్న రెండో సగం పంపుతావా? లేదా నువ్వే తీసుకొచ్చి ఇక్కడ కుడతావా? ఇది చదువుగదిలో మొట్టమొదటి పుస్తకం కావాలని నా ఆశ.

నీ అమ్మాయి

●

ఇల్లు, మిషను గది
ఆగస్టు 8

తల్లికి,

ఎంత మంచి కబురు. చాలా సంతోషం. చాలా చాలా సంతోషం.

అయితే ఒకటి ఆలోచించు. గడియారాలు బాగుచేసేవాళ్ళ గురించి పుస్తకం ఒక్కటే ఉంటుందా? వంద ఉంటాయి. తొంభై ఆరు పేజీలకి చిరిగినవి వాటిలో ఇంకో పది ఉంటాయి. అది మనది కాదేమో. కొలత తేడా ఉంటుంది. తేడా కొలతలవి కలిపి కుడితే పుస్తకం నోరు తెరుచుకుని చూస్తుంది, నా పనికి చెడ్డపేరు. ఆ కాటా ఆయన నిన్ను సంతోషపెట్టాలని ఏదో ఒకటి చేతిలో పెట్టి ఉంటాడు. పదో క్లాసు చదివినవాడికి ఆ మాత్రం తెలివి ఉండదా?

పైగా మన రెండో సగం ఎక్కడుందో కనపడటం లేదు. ఇల్లు మారినప్పుడు పోయిందేమో. చెదలు పట్టిందేమో కూడా. వెతుకుతాను.

నువ్వు మాత్రం దాన్ని చదవకు. తొందరేముంది? మనకి మన కథ ఉంది కదా. చెప్పులు ఆరాక రండి. ఇరవై అయిదేళ్ళ నుంచి బాగానే నడుస్తోంది.

బడికి వేళవుతోందేమో, ఉంటాను.

నాన్న

●

బడి, చదువుగది
ఆగస్టు 14

నాన్నకి,

అమ్మకి ఫోను చేశాను. రెండో సగం నీ మిషను సొరుగులో, నూనె డబ్బా కింద, రెక్సిన్ ముక్కలో చుట్టి ఉందట. చెదలు లేవట.

మొన్నటి ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు. నువ్వే చెప్తావేమో అని ఆగాను. ఇది తన దగ్గరికి ఎలా వచ్చిందో కాటా తాతకి బాగా గుర్తుంది. పంతొమ్మిదేళ్ళ కింద, ఒక బస్సు డిపోలోంచి పాత టిక్కెట్ల కట్టలతో కలిసి వచ్చిందట.

తొంభై ఆరో పేజీ కింది మూలన మూడు చిల్లులున్నాయి నాన్నా. దబ్బనంతో పొడిచినవి.

నీ అమ్మాయి

●

ఇల్లు, మిషను గది
ఆగస్టు 19

తల్లీ,

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు మిషను దగ్గర ఊరికే కూర్చున్నాను. ఏం కుడుతున్నారని మీ అమ్మ అడిగితే దారం ఎక్కించలేదని అప్పుడు చూసుకున్నాను. మొత్తం ఆవిడకి చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. అమ్మాయికి రాయండి అంది.

నీకు పన్నెండేళ్ళప్పుడు దొరికింది. బస్టాండు బయట, పాత వారపత్రికల కింద. చిల్లర డబ్బులకి కొని డిపోకి తీసుకెళ్ళాను. నీకు ఆ సాయంత్రమే ఇచ్చేయాలని పేజీలు లెక్కపెట్టాను, చిల్లులు పొడిచాను. ఇచ్చేముందు ఒకసారి చదువుదాం, నేను చెప్పినదానికి దగ్గరగా ఉందో లేదో చూద్దాం అనిపించింది. మధ్యాహ్నం అన్నాల వేళ సీట్ల మధ్య కూర్చుని కూడబలుక్కుంటూ ఎనిమిది రోజులు చదివాను. దగ్గరగా లేదు. ఎక్కడా లేదు.

నాది చెడిపోయిందని కాదు తల్లీ. అది బాగుంది. నా కథ కంటే బాగుంది. అందుకే.

తొంభై ఆరో పేజీలో ఆవిడేమందో నాకు ఇవాళ్టికీ కంఠతా వచ్చు. “మీకోసం ఎదురుచూడటం అలవాటైపోయింది. ఇప్పుడు మీరొచ్చారని ఆ అలవాటు మానుకోలేను.” అని ఆమె తలుపు వేసుకుంది. అలాంటి మాట నా నోట ఎన్నేళ్ళు సీట్లు కుట్టినా రాదు. దాని పక్కన పెడితే నా తడి చెప్పుల మాట ఎంత చిన్నబోతుందో నువ్వే చూసుకో. అప్పటికి నువ్వు క్లాసులో మొదట వచ్చేదానివి, ఇంట్లో నేను అడగదగ్గ మాటలు తగ్గిపోతున్నాయి, నువ్వు నన్ను అడిగే మాటలూ తగ్గిపోతున్నాయి. నేను డిపో నుంచి రాగానే నువ్వు ‘నాన్నా, చెప్పులు ఆరాయా’ అనే ఆట ఒక్కటే మిగిలింది. ఇది ఇస్తే అదీ పోతుందనుకున్నాను. పాత టిక్కెట్లు కొనేవాడు డిపోకి వస్తే వాడి గోనెలో పడేశాను.

ఎవరి మీద కుళ్ళుకున్నానో కూడా తెలియదు. దాని రచయిత ఎవరో ఆ సగాలు రెండింటిలోనూ లేదు, అట్టే లేదు కదా. ఇప్పుడు ఆ కాటా ఆయన మీద కూడా. నేను పారేసింది ఆయన పంతొమ్మిదేళ్ళు దాచాడు. అది తలుచుకుంటే ఇంకా మంటగా ఉంది.

రెండో సగం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. చదువుకో. ఎవరిచేతనైనా కుట్టించుకో.

నాన్న

●

బడి, చదువుగది
ఆగస్టు 30

నాన్నకి,

చదివాను. నువ్వు చెప్పింది నిజం, బాగుంది. నీ కథ కంటే బాగుంది. నీకు అబద్ధం చెప్పను.

ఆవిడన్న మాట గొప్ప మాట. ముప్పై దాటాను కాబట్టి నాకు తెలుస్తోంది. ఆరేళ్ళప్పుడు అది నాకిస్తే పక్కనపెట్టి వెళ్ళిపోయేదాన్ని. ఆరేళ్ళప్పుడు నాకు కావలసింది చెప్పుల మాటే. ఏమంది, ఏమంది అని అడిగీ అడిగీ నేను టీచర్ని అయ్యాను. మొదటి సగం దొరికి ఉంటే అడిగేదాన్నే కాదు. నువ్వు పారేసినందుకు నాకు రెండు రోజులు కోపమొచ్చింది. మూడో రోజుకి మిగల్లేదు. దాచినందుకు కొంచెం మిగిలింది, దానికి నువ్వు వచ్చాక తిడతాను.

ఇంకో సంగతి. రెండు సగాలూ కుట్టించలేదు. సోమవారం నాలుగో క్లాసు పిల్లలకి రెండో సగం ఇచ్చి, తొంభై ఏడో పేజీ మొదటి వాక్యం చదివించాను. వెంటనే గదంతా ‘ఏమంది టీచర్, ఏమంది’. మీరే చెప్పండి అన్నాను. మూడు రోజులుగా చెప్తున్నారు, రాస్తున్నారు. ఇరవై ఆరుమంది, ఇరవై ఆరు మొదటి సగాలు. మూడో వరసలో ఒక పిల్ల ఉంది, ఇప్పటిదాకా క్లాసులో నోరు విప్పలేదు. నెమ్మదిగా లేచి చెప్పింది, “పది లెక్కపెట్టి వెతకండి” అని ఆమె తలుపు వేసుకుంది, అని.

కాటా తాతకి చెప్తే స్టూలు మీదనుంచి లేచి నిలబడ్డాడు. ఆ పైఅర కట్ట మొత్తం బడికి ఇచ్చేశాడు, తూచకుండా. ఇప్పుడు మనకి ఒక అలమార నిండా సగం పుస్తకాలే. ఇంత చవకైన చదువుగది ఇంకెక్కడా ఉండదు. పిల్లలు రాసినవి కుట్టేవాళ్ళు లేరు. కాటా తాత ఒకటి ప్రయత్నించి వేలు పొడుచుకున్నాడు. ఆ మూడు చిల్లుల మనిషిని ఎప్పుడు చూపిస్తావని అడుగుతున్నాడు. నువ్వు కుడతావని చెప్పినప్పటినుంచీ ఆయనకి నీ మీద కుళ్ళట, ఆయనే ఒప్పుకున్నాడు.

నీ ఏమంది

●

ఇల్లు, మిషను గది
సెప్టెంబరు 4

మా ‘ఏమంది’ టీచరమ్మకి,

ఆయనకి నా మీద కుళ్ళా? నిజంగా ఆ మాటే అన్నాడా? ఇంకోసారి అనిపించి, సరిగ్గా ఏమన్నాడో రాయి. మీ అమ్మకి చదివి వినిపించాను. టైర్ల కొట్టు ఆయనకి రెండుసార్లు వినిపించాను. పదో క్లాసు చదివినవాడికి నా మీద కుళ్ళు అని చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇరవై ఆరు పుస్తకాలూ నేనే కుడతాను. ఎవరినీ ముట్టుకోనివ్వకు. మైనం, దారం, నాలుగు దబ్బనాలు సంచిలో పెట్టేశాను. మీ అమ్మ కూడా వస్తోంది, నాకు తోడుగా కాదట, నిన్ను చూడటానికట. కాటా ఆయన స్టూలు పక్కన నాకూ ఒకటి వెయ్యించు. ఆయనదానికంటే అంగుళం ఎత్తుంటే చాలు. కుట్టు నేర్పమంటే నేర్పుతాను, చివరి ముడి మాత్రం అటు తిరిగి వేస్తాను. నీడలో ఆరబెట్టడం గురించి ఆయన చెప్పింది రైటే. ఆ మాట నువ్వు చెప్పకు, తీరిక చూసుకుని నేనే చెప్తాను.

గడియారాలాయన్ని కుట్టకు. రెండు సగాలు రెండుగానే ఉండనీ. అడిగినవాళ్ళకే మొదటి సగం ఇవ్వు.

ఇక ఆ మూడో వరస పిల్ల. పది లెక్కపెట్టి వెతకండి. ఇది నాకెందుకు తట్టలేదు తల్లీ? ఒక వేసవంతా చెప్పాను, ఒక్కసారి తట్టలేదు. నిన్న సీటు కుడుతూ అదే తలుచుకుని వేలు పొడుచుకున్నాను. నా చెప్పుల మాట కంటే బాగుందా? నువ్వు అబద్ధం చెప్పనన్నావు కాబట్టి అడగను. ఆ పిల్లని నేను వచ్చేసరికి మొదటి వరసలో కూర్చోబెట్టు. దగ్గరనుంచి చూడాలి. నేను ఇంకోటి ఆలోచిస్తున్నాను, దానికంటే బాగుండేది. బస్సులో ఎనిమిది గంటలు, ఈలోగా తట్టకపోదు. సీటు బాగా కుట్టినదైతే ఇంకా ముందే తడుతుంది.

టిక్కెట్లు కొనడానికి ఇప్పుడే వెళ్ళొచ్చాను. దారిలో వాన. చెప్పులు తడిసి ముద్దయ్యాయి. ఆరేదాకా ఆగడం లేదు.

నీ నాన్న